ముందు భోజనం

లాప్‌టాప్ బతికింది గానీ, లోపలికి మాత్రం రానివ్వనంది.

పొద్దున ఆన్ చేస్తే నల్ల తెర తప్ప ఏమీ రాలేదు. ఉదయభాస్కర్ గాభరాగా భీమవరం బజారుకి పరుగెత్తి, కంప్యూటర్లు బాగుచేసే అచ్చిబాబుని బండి మీద ఎక్కించుకొచ్చాడు. అచ్చిబాబు ఏదో సీడీ పెట్టి, దానితో కుస్తీ పట్టి, మొత్తానికి బూట్ రిపేర్ చేశాడు. తెర వెలిగింది. పాస్‌వర్డ్ అడిగింది. కొడితే తప్పంది.

"క్యాప్స్ లాక్ చూశారాండి?"

"చూశాను."

"పాత పాస్‌వర్డ్ ఏమైనా ఉందేమో?"

"అదీ అయింది. నిన్న రాజమండ్రిలో కంపెనీ మీటింగ్‌లో ఇదే కొట్టానయ్యా! ఇంటికొచ్చేసరికి దీనికి మతిపోయిందా?"

ఉదయభాస్కర్‌ది రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం. సాయంత్రం రైతుల ముందు కొత్త మేత గురించి చెప్పాలి. జోనల్ మేనేజర్ స్వయంగా వస్తున్నాడు. చూపించాల్సిన స్లైడ్లన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి. అది తెరుచుకోకపోతే ప్రమోషన్ సంగతి దేవుడెరుగు, ఉన్న కుర్చీ మిగిలితే అదే పదివేలు.

హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే, "డిస్కంతా తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటుంది సార్. పాస్‌వర్డ్ పెట్టుకున్నది మీరు, మీకే తెలియాలి" అని చేతులు దులుపుకున్నారు.

ఇక వీధి వీధంతా వైద్యులే. కాసేపు ఎండలో పెట్టమని ఒకరు, నాలుగు తగిలించమని ఒకరు.

"పోనీ నా పేరు కొట్టి చూడండి" అంది భార్య సూర్యకళ.

కొట్టాడు. తప్పంది.

"అనుకున్నాను లెండి" అని మూతి ముడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడే సంచి ఒకటి భుజాన వేసుకుని, చెమటలు కక్కుతూ ఎవరో గేటు తీశారు.

"ఉదయభాస్కర్ గారిల్లు ఇదేనాండి?"

"ఇదేనండి, రండి రండి!" అంటూ ఎదురెళ్ళాడు ఉదయభాస్కర్ తండ్రి జగన్నాథరావు. "ఎండన పడి వచ్చారు. ముందు కాళ్ళు కడుక్కోండి."

"నేనెందుకొచ్చానంటేనండీ..."

"అవన్నీ తర్వాతండి. భోజనం వేళకొచ్చిన మనిషిని పనేంటని అడిగే అలవాటు మా ఇంటావంటా లేదు."

నిజమే. కొబ్బరికాయల బేరానికొచ్చినవాడైనా, కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడైనా, ఆ వేళకి ఆ గడప తొక్కితే విస్తరి ముందు కూర్చోవలసిందే.

వచ్చినాయన తుడుచుకుంటున్న తువ్వాలుతోనే గదిలోకి తొంగిచూశాడు.

"అయ్యో, ఆ లాప్‌టాప్ అండి..."

"సలహాలొద్దు బాబూ, మీకు దణ్ణం పెడతాను!" ఉదయభాస్కర్ నిజంగానే చేతులు జోడించాడు. "పొద్దుట్నించీ చచ్చేన్ని విన్నాను."

"సలహా కాదండి..."

"వాడి గోలకేం గానీ, మీరు రండి" అని జగన్నాథరావు ఆయన భుజం మీద చెయ్యేసి లోపలికి నడిపించుకుపోయాడు.

ఇక లోపల్నించి ఒకటే మర్యాదలు.

"ఇంకొంచెం వేసుకోండి. చింతచిగురు రొయ్యలు, మళ్ళీ మళ్ళీ దొరకవు."

"చాలండి బాబోయ్! అసలు నేను చెప్పేది..."

"తినేటప్పుడు మాట్లాడితే పొలమారుతుందండి. సూర్యకళా, పెరుగు తేమ్మా!"

ఉదయభాస్కర్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ తన కొంప మునుగుతుంటే, నాన్న దారినపోయే వాళ్ళందరినీ పిలిచి మేపుతున్నాడు!

"ఇంక ఒక్కటే దారండి" అన్నాడు అచ్చిబాబు. "డిస్కు మొత్తం తుడిచేసి, విండోస్ కొత్తగా వేసేయడమే. సాయంత్రానికి నడుస్తుంది. లోపలున్నవి మాత్రం దేవుడు దిగొచ్చినా దొరకవు."

ఉదయభాస్కర్‌కి గుండె చెరువైంది. ఏళ్ళ తరబడి చేసుకున్న పని అంతా అందులోనే ఉంది. కానీ తుడిచేస్తే, గుర్తున్నంతవరకు మళ్ళీ కొట్టుకుని నాలుగు స్లైడ్లయినా సాయంత్రం చూపించొచ్చు. మేనేజర్ ముందు ఒట్టి చేతులతో నిలబడ్డంకన్నా అది నయం.

"కానియ్యి" అని మొహం పక్కకి తిప్పుకున్నాడు.

లోపల అరిసెల దాకా వచ్చారు. ఇక్కడ తుడవడం మొదలైంది, అయిపోయింది కూడా.

"శుభ్రంగా పోయిందండి" అన్నాడు అచ్చిబాబు సంతోషంగా.

సరిగ్గా అప్పుడే వచ్చినాయన కిళ్ళీ నములుతూ గదిలోకి వచ్చాడు. ఇప్పుడాయన్ని ఆపేవాళ్ళెవరూ లేరు.

"భోజనం అమృతమేననుకోండి! నేను మన కంపెనీ కాకినాడ బ్రాంచిలో చేస్తానండి, లోకనాథ్ అంటారు. నిన్న రాజమండ్రి మీటింగ్‌లో మనిద్దరివీ మారిపోయాయి" అంటూ సంచిలోంచి అచ్చం అలాంటి లాప్‌టాప్‌నే తీసి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "ఇదిగోనండి మీది, చెక్కుచెదరలేదు. నాది అసలు స్టార్టే అవ్వదనుకోండి, అయినా లోపలున్నవన్నీ భద్రంగానే ఉంటాయన్నారు, ఇప్పించారంటే ఈ బస్సుకే బయల్దేరతాను."