చివరి చుక్క తర్వాత

"ఈ దుప్పటి నువ్వు తీసుకో, లింగమ్మా," అంది హిల్డా పెట్టె సర్దుతూ. రెండేళ్లుగా హొళగుంద పక్క పల్లెలో పసిపిల్లల బరువు చూసిన ఇంగ్లండు నర్సు ఆమె. ఈ మధ్యాహ్నం ఆదోని బస్సెక్కి తన దేశం వెళ్లిపోతోంది.

"దుప్పటొద్దమ్మా. మా ఈరన్న కార్డు ఇయ్యి."

హిల్డా చేతులు ఆగిపోయాయి. నెలనెలా లింగమ్మ కొడుకును తూచి, బరువు గళ్లలో చుక్క పెట్టిన కార్డు అది. చుక్కలు ఏడో నెల దాకా పైకెక్కాయి. పోయినేడు సరిగ్గా ఈ రోజుల్లోనే, ఆ ఏడో నెల నిండగానే వాడు వాంతులు, భేదులతో పోయాడు. తను బతికించలేకపోయిన ఆ ఒక్కడి కార్డును ఆమె పెట్టె అడుగున దాచుకుంది.

"నీకు చదవడం రాదు కదా?"

"చదివేకి కాదమ్మా. వానికి ఫోటో లేదు. పూడ్చిన తావు గూడా వానకు కొట్టుకపాయ. వాడు పుట్టినాడనేదానికి అదొకటే ఉండేది."

హిల్డా కార్డు తీసి ఇచ్చింది. లింగమ్మ చివరి చుక్క మీద వేలు పెట్టింది.

"బతికింటే ఈ పొద్దుకు యాడికి వచ్చింటాడమ్మా?"

హిల్డా ఆ వేలు పట్టుకుని ఖాళీ గళ్ల మీదుగా, ఒక్కో నెలా దాటిస్తూ, మెల్లగా పైకి నడిపించింది. పందొమ్మిదో నెల దగ్గర ఆపింది.

బయట బస్సు హారన్ మోగింది. లింగమ్మ వేలు తియ్యలేదు. హిల్డా వదల్లేదు.