కత్తి కాలేబు ఇంటి గుట్టు

"వాడు నన్ను డిస్ చేశాడాంటీ, అందరి ముందూ," అన్నాడు కాలేబు.

"డిషెస్ చేశాడా? మంచి పిల్లాడే. నువ్వెప్పుడు తోముకున్నావు గనక," అంది జ్ఞానవతి ఆంటీ, పప్పు గిన్నె అతని చేతిలో పెడుతూ.

డిస్ అంటే పాట కట్టి తిట్టడమని చెప్పే ఓపిక కాలేబుకి లేకపోయింది.

టొరంటో పక్కనే ఒషావాలో ఇల్లు ఆంటీది. పైన ఆవిడ, కింద బేస్‌మెంట్‌లో కాలేబు. కాలేజీలకి మన పిల్లలు వరదలా వచ్చిపడుతున్న రోజులు. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగానికి బస్టాపు దాకా లైను. ఆ లైనులో నిలబడలేక కాలేబు గ్యాంగ్‌స్టర్ ర్యాపర్ అయిపోయాడు. గ్యాంగు లేదు, స్టారూ కాదు. ర్యాపు సంగతేమో గానీ, ఇంట్లోవాళ్లకి రాపిడి మాత్రం రెండు పూటలా.

'కత్తిరా కాలేబు, నీకు లేదురా జవాబు' అని ఓ పాట వదిలాడు.

జవాబు వారం తిరక్కుండా వచ్చింది. పంపినవాడు డేవిడ్‌సన్. కారులో నాలుగు గంటల దూరాన, కనాటాలో పిన్ని ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. కనాటావాడు కనబడలేదు, వినబడ్డాడంతే.

'కత్తి కాలేబంట, ఉల్లిపాయ కోస్తే ఏడుపంట! పార్కులో బాతు అరిస్తే బస్సెక్కి పరారంట!'

కాలేబు నీరుగారిపోయాడు. రెండూ నిజాలే. బాతు సంగతి ఇంట్లోవాళ్లకీ ఆ బాతుకీ తప్ప బయట పిట్టకి కూడా తెలియదు.

టొరంటోలో రికార్డులు వేసే కేశవరావు గారు ఈ తగువుని పసిగట్టారు. ఇద్దరి తిట్లూ కలిపి ఒకే రికార్డు వేస్తామన్నారు. వాటర్లూలో ముఖాముఖి పోటీ. గెలిచినవాడి బొమ్మ అట్ట మీద. ఓడినవాడి పేరు వెనకాల, భూతద్దం పెట్టుకుంటే కనబడేంత. కాలేబు అద్దం ముందు నిలబడి, అట్టకి పనికొచ్చే కోపం ఎలా పెట్టాలో అప్పుడే ప్రాక్టీసు మొదలుపెట్టాడు.

కానీ అవతల్నుంచి పాట వచ్చినప్పుడల్లా ఇవతల ఒక గుట్టు రట్టు. 'దీపం ఆర్పితే దిండు కరుచుకునే డాన్' అన్నాడు డేవిడ్‌సన్ ఈసారి.

ఇంక అనుమానమేముంది? గదిలో రెండో మంచం నర్సింహది.

"నాకేం ఎరుకరా భై. నువ్వు లైట్ బంద్ చేస్తలేవని నిద్రలేక నేనే సస్తున్న. ఇంక వానికి ఫోన్ జేసి చెప్పుడొకటా?" అన్నాడు నర్సింహ.

కాలేబు నమ్మలేదు. మాటలు మానేశాడు. రైస్ కుక్కర్ కూడా వేరు పెట్టాడు. ఏ బాధొచ్చినా మెట్లెక్కి ఆంటీ దగ్గరికి వెళ్లడమే మిగిలింది. కొత్త గొలుసు వేసుకుంటే మెడ పచ్చబడిందని వెళ్లినప్పుడు, ఆవిడ కొబ్బరినూనె రాసి, ఆ గొలుసు కథంతా విని కళ్లు తుడుచుకుంది. బట్టల బుట్ట మోసుకుపోతూ నర్సింహ ఓ చూపు చూశాడు. కాలేబు గతుక్కుమన్నాడు.

"నా నోట పొక్కదులే బాబూ. దేవుడికి తప్ప ఎవరికీ చెప్పను," అంది ఆంటీ.

పోటీకి ఆవిడే కాలేబునీ నర్సింహనీ కార్లో తీసుకెళ్లింది. డిషెస్ చేసే పిల్లాణ్ణి చూడాలని ఆవిడకి ముచ్చట.

హాలు కిటకిటలాడుతోంది. కాలేబు ఉరిమాడు. చప్పట్లు మోగాయి. డేవిడ్‌సన్ మైకు అందుకున్నాడు.

'మెడలో మెరిసే గొలుసు, డాలర్ షాపుదని నాకు తెలుసు! మెడ పచ్చగా మారె, కొబ్బరినూనె కారె!'

హాలు ఊగిపోయింది. అట్ట చేజారిపోతోందని కాలేబుకి అర్థమైంది. ఇది దొంగాటనీ, తన ఇంట్లోంచే ఎవరో కబుర్లు మోస్తున్నారనీ కేశవరావు గారి మీద పడ్డాడు. మోసినవాళ్లని ఇక్కడే, ఇప్పుడే చూపిస్తే అట్ట మీద బొమ్మ నీదేనన్నారాయన.

కాలేబు వేలు నర్సింహ వైపు తిరిగింది. నర్సింహ మొహం మాడిపోయింది.

పిల్లలు ఇలా కొట్టుకోవడం ఆంటీ చూడలేకపోయింది. స్టేజీ ఎక్కి మైకు తీసుకుని, అలవాటుగా కళ్లు మూసుకుంది. "ప్రభువా" అందో లేదో, డేవిడ్‌సన్ చటుక్కున టోపీ తీసి తల వంచేశాడు.

"వీడు మీకు తెలుసా ఆంటీ?" అన్నాడు కాలేబు.

"చూడ్డం ఇదే. ఇంతకీ నీ పళ్లాలు తోమే పిల్లాడు నిన్ను తిడతాడేంటి?"

డిస్ అంటే ఏమిటో ఎవరో ఆవిడ చెవిలో చెప్పారు. ఆంటీ నోరు నొక్కుకుంది. కాలేబుకి లోపల ఎక్కడో బాతు అరిచింది.

"ఆంటీ... ఇవన్నీ మీరు ఎవరికైనా చెప్పారా?"

"దేవుడికే చెప్పాను బాబూ, రోజూ పొద్దున్నే ఫోన్ ప్రార్థనలో, ఒషావా నుంచి కనాటా దాకా మన కుటుంబాలన్నీ లైన్లో ఉండగా, నీ పేరు పెట్టి ఒక్కొక్కటిగా," అంది జ్ఞానవతి ఆంటీ, మైకులో.