ఎవరి ఒళ్ళు వాళ్ళది

“ఎవరి ఒళ్ళు వాళ్ళది,” అన్నాడు ప్రొఫెసరు.

హాలంతా చప్పట్లు. చివరి వరసలో కూర్చున్న కొత్తల్లుడు మాత్రం చేతులు కట్టుకునే ఉన్నాడు. అతను ప్రొఫెసరుగారి చెల్లెలి భర్త. ఉపన్యాసం వినడానికి రాలేదు. పెళ్ళాం ప్రాణం అడగడానికి వచ్చాడు.

వైద్యంలో నీతి అనేది ప్రొఫెసరు సబ్జెక్టు. అద్దె గర్భాలు, అవయవ దానాలు, జన్యువుల మార్పులు, ఏది ఎత్తుకున్నా చివరికి తెచ్చి ఆ ఒక్క మాటకే కట్టేస్తాడు.

“నోరులేని పసికందు ఒంట్లోంచి చుక్క నెత్తురు తియ్యాలన్నా ఆ పసికందు ఒప్పుకోవాలి,” అన్నాడు వేలెత్తి.

“పసికందు ఎలా చెబుతుంది సార్?” ముందు వరసలోంచి ఎవరో అడిగారు.

“అదే నా ప్రశ్న.”

మళ్ళీ చప్పట్లు. జవాబు చెప్పకుండా చప్పట్లు కొట్టించుకోవడంలో ఆయనది అందెవేసిన చెయ్యి.

కొత్తల్లుడు జేబులో చెయ్యి పెడితే పిప్పరమెంటు తగిలింది. పొద్దున ఆస్పత్రి మంచం మీంచే ఆమె వేసిపెట్టింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమెకదో సరదా. అతను బయటికెళ్ళేటప్పుడు జేబులో ఏదో ఒకటి దాచి, ఎప్పుడు కనిపెడతాడోనని రోజంతా తనలో తాను నవ్వుకుంటుంది. ఓసారి బట్టల క్లిప్పు. ఓసారి తన చెవి దుద్దు. అది తగిలినప్పుడు అతను క్లాసులో పాఠం మధ్యలో నవ్వేసి, పిల్లల ముందు నవ్వులపాలయ్యాడు.

ఇప్పుడు ఆమె ఎముకల్లో మూలుగ ఎండిపోతోంది. కొత్త నెత్తురు తయారవడం లేదు. సరిపోయే మూలుగ ఎవరిదైనా తెచ్చి ఎక్కించాలి. చుట్టాలందరినీ పరీక్షించారు. ప్రొఫెసరుది ఒక్కటే సరిపోయింది. పరీక్షకి రక్తం ఇచ్చేటప్పుడు ఆయన ఫొటో కూడా తీయించుకున్నాడు.

“ఇంతలా కలిసిందేంటి మేడమ్, కవలలా?” అంది ల్యాబులో అమ్మాయి.

“మా అన్నయ్య చాలా పెద్ద,” అని ఆమె నవ్వింది.

అతను బయల్దేరేముందు ఒక్కటే చెప్పింది. “అడుగు. బతిమాలకు. పాత విషయాలేవీ ఎత్తకు.”

“ఏ పాత విషయాలు?”

“తెలీనివి ఎలాగూ ఎత్తలేవులే.”

సభ ముగిశాక వేదిక వెనక గదిలో ప్రొఫెసరు ఒక్కడే దొరికాడు. ఒళ్ళో పూలగుత్తి.

“రండి బావగారూ. ఎలా ఉంది ఉపన్యాసం?”

“బాగుంది బావగారూ. మీ చెల్లెలికే బాగాలేదు. డాక్టర్లు మీ మాట కోసం చూస్తున్నారు. మత్తిచ్చి తుంటి ఎముకలోంచి తీస్తారట. మర్నాడే ఇంటికెళ్ళిపోవచ్చట.”

ప్రొఫెసరు కళ్ళజోడు తీసి తుడిచాడు. ఆలోచిస్తున్నట్టు కనబడాలంటే ఆయన కళ్ళజోడు తుడుస్తాడు.

“అన్నగా నా గుండె తరుక్కుపోతోంది. కానీ చూడండి, ఆ అన్న అనే బంధమే ఒక ఒత్తిడి. ఒత్తిడి మీద ఇచ్చింది దానం కాదు. నా పుస్తకంలో రాశాను.”

“పుస్తకం కాసేపు పక్కన పెడితే?”

“పెడితే ఇంక నేనెవర్ని?”

కొత్తల్లుడు జేబులో పిప్పరమెంటుని వేళ్ళతో తిప్పాడు.

“అలాగని నేను కాదన్లేదు,” అన్నాడు ప్రొఫెసరు. “ఆస్పత్రి నైతిక సంఘానికి నివేదించాను. నా విషయంలో నేనే తీర్పు చెప్పుకోవడం తగదు కదా.”

“సంఘం ఎప్పుడు కూర్చుంటుంది?”

“అధ్యక్షుడు పిలిచినప్పుడు.”

“అధ్యక్షుడెవరు?”

“నేనే. కానీ ఇందులో నాకు సంబంధం ఉంది కాబట్టి నేను పిలవకూడదు.”

“ఇంకొకరు పిలవొచ్చుగా.”

“నేను అధికారం ఇస్తే పిలవొచ్చు. ఇస్తే నేను కలగజేసుకున్నట్టే.”

ఎవరూ విప్పలేని ముడి వేసినందుకు ఆయన ముఖం వెలిగిపోయింది.

“మరి ఆమె సంగతి?”

“పాపం,” అన్నాడు ప్రొఫెసరు. “దాని కేసు మీద ఒక వ్యాసం రాస్తున్నా. పేరు మాత్రం పెట్టన్లెండి. రోగి వివరాలు బయటపెట్టకూడదు.”

లేచి చొక్కా సర్దుకున్నాడు. “ఇంకోటి బావగారూ. చిన్నప్పుడు మంచాన పడి లేచినవాణ్ణి. ఈ ఒళ్ళు నాకు ఊరికే రాలేదు.”

వెళ్తూ వెళ్తూ పూలగుత్తి అతని చేతిలో పెట్టాడు. “చెల్లికివ్వండి.”

ఆ వార్డులోకి పూలు రానివ్వరు. కొత్తల్లుడు దాన్ని ఆస్పత్రి గేటు దగ్గర చెత్తబుట్టలో పడేశాడు.

మూతికి మాస్కు కట్టుకుని లోపలికెళ్ళి, జరిగిందంతా చెప్పాడు. కళ్ళజోడు తుడవడం కూడా చేసి చూపించాడు. ఆమె దగ్గొచ్చేదాకా నవ్వింది.

“పిప్పరమెంటు తిన్నావా?”

“దాని ఊసెందుకిప్పుడు? ఆయన మనిషేనా అసలు? ఇంత మూలుగ ఇవ్వమంటే ఎవరి ఒళ్ళు వాళ్ళదని నాకు నీతులు చెబుతాడా? మీ ఇద్దరిదీ ఒకే రక్తమంటే నేను నమ్మను.”

ఆమె నవ్వు ఆపింది. మెల్లగా పక్కకి ఒత్తిగిలి, అతని వేలు పట్టుకుని తన తుంటి మీద పెట్టింది. అక్కడ ఒకదాని కింద ఒకటి రెండు చుక్కల మచ్చలు. పెళ్ళయిన కొత్తలో అతను వాటికి ముద్దుగా ‘విసర్గ’ అని పేరు పెట్టాడు. చిన్నప్పుడెక్కడో పడ్డాన్లే అని ఆమె అప్పట్లో మాట దాటేసింది.

“అన్నయ్య చావుబతుకుల్లో ఉంటే అమ్మా నాన్నా వాడి మందుకోసమే నన్ను కన్నారు, నాకు నడక రాకముందే ఇక్కడ్నుంచి తీసి ఎక్కించిన నా మూలుగే ఇవాళ్టికీ వాడి ఎముకల్లో ఉంది,” అంది.