నిమ్మకాయల బండ

పొద్దెక్కక ముందే మేకలు తోలుకుపోయిన బుచ్చమ్మ, వాటిని అక్కడే వదిలేసి ఒక్కతే ఉరుకుతూ తిరిగొచ్చింది.

"ఏమైందే?" అన్నాడు మొగుడు ఎల్లేశం.

"పెద్దబండ మీద ఎవలో సున్నంతోని గుండ్రంగ గీతలు గీసిండ్రు. నడుమ నిమ్మకాయ, కుంకుమ. ఒక్కటి గాదు, బండంత అవే!"

ఇద్దరి చూపూ వెనక గది వైపు తిరిగింది.

ఆ గదిలో కిరాయికున్న రామబ్రహ్మం గడప మీద కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. వేళ్ళకి సున్నం అంటుకుని ఉంది.

లింగంపల్లి స్టేషనుకి అవతల, రాళ్ళగుట్టల మధ్య పది కొంపల పల్లె అది. డెబ్బై నాలుగులో కొత్త రోడ్డు కోసం అక్కడ బండలు పేల్చిన కంట్రాక్టరు మనుషులు పని సగంలో వదిలేసి పోయారు. ఆ వెనకే వచ్చాడీ ముసలాయన. కోస్తా మనిషి. పట్నంలో ఏదో బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడట. గొంతుకి ఆపరేషనై మాట పోయింది. మెడకి ఒక గుడ్డ, దాని మీద ఇత్తడి ఈల. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా!

మేకల వెంట ఎవరు పెద్దబండ ఎక్కినా ఎక్కడినుంచో ఆ ఈల మోగేది. రాళ్ళకి కొట్టుకుని నాలుగు వైపులనుంచీ తిరిగొచ్చేది. ఊదిన మనిషి కనిపించడు. బుచ్చమ్మ కాళ్ళు ఉన్నచోటే బిగుసుకుపోయేవి.

మొదట్లో ఆయన అక్కడ ఎర్ర అక్షరాల చెక్క ఒకటి పాతాడు. చదివేవాళ్ళు ఆ పది కొంపల్లో లేరు. చెక్క మాత్రం బాగా ఎండింది. బుచ్చమ్మ దాన్ని పీక్కొచ్చి పొయ్యిలో పెట్టి రొట్టెలు కాల్చింది.

ఆ తర్వాతే నిమ్మకాయలు వచ్చాయి.

"ఏంది సారూ, మా బండ మీద ఏం జేస్తున్నవ్?" ఎల్లేశం గట్టిగానే అడిగాడు.

రామబ్రహ్మం బండ వైపు చూపించాడు. పిడికిలి బిగించి, ఒక్కసారిగా వేళ్ళు విప్పి పైకి విసిరాడు.

"అయ్యో, నా మీద ఏందో ఇసిరిండు!" బుచ్చమ్మ కేక పెట్టింది.

ఆ రోజే ఆమెకి జ్వరం తగిలింది. ఆ వారంలోనే సూడిమేక చచ్చింది.

మంత్రగాడు సాయిలు వచ్చి, వంగి ఆ గది గడప వాసన చూశాడు.

"బాణామతే. వాన్ని ఎల్లగొట్టుండ్రి. బండంత కడుగుండ్రి. అమాసనాడు పొద్దుగూకక ముందు బుచ్చమ్మ ఒక్కతే పోయి బండ నడుమ మంట పెట్టాలె. లేకుంటే ఆమె నీకు దక్కదు."

ఎల్లేశం ఇక ఆలోచించలేదు. బుచ్చమ్మ లేని ఇల్లు వాడికి ఇల్లు కాదు. ముసలాయన ట్రంకుపెట్టె తెచ్చి బాటలో పడేశాడు.

రామబ్రహ్మం ఎదురుతిరగలేదు. పరేడులోలా నిటారుగా నిలబడ్డాడు. అంత నిటారు మనిషీ ఉన్నట్టుండి వంగి ఎల్లేశం కాళ్ళు పట్టుకున్నాడు. బండ వైపు చూపిస్తుంటే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"పో సారూ. నీకో దండం."

ఆయన మెడలోంచి ఈల తీసి ఎల్లేశం అరచేతిలో పెట్టి, పిడికిలి మూశాడు. వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయాడు.

ఈల ఇంకా వెచ్చగా ఉంది. పారేస్తే ఏమవుతుందో, ఉంచుకుంటే ఏమవుతుందో! ఎల్లేశం దాన్ని మొలలో దోపుకున్నాడు.

ఊరంతా బిందెలతో నీళ్ళు మోసి బండ కడిగారు. ఒక్క గీత మిగల్లేదు.

బుచ్చమ్మ జ్వరం తగ్గింది. అంతా సాయిలు మహిమే అనుకున్నారు.

అమావాస్యనాడు ఆమె నెత్తిన పుల్లలమోపు, చేతిలో నిప్పులకుండతో బండెక్కింది.

అప్పుడే ఇంటిముందు మిలిటరీ జీపు ఆగింది. కుర్ర కెప్టెన్ దిగాడు.

"రామబ్రహ్మం మాస్టారు కిరాయికున్నది మీ ఇంట్లోనేనా అండీ?"

"పోయిండు సారూ," అన్నాడు ఎల్లేశం తల దించుకుని.

"తెలుసు. నేను బదిలీ మీద వచ్చానని విని, నా దగ్గరికే వచ్చారు. కంట్రాక్టరు మనుషులు మందు దట్టి, పేలకపోతే వదిలేసిన కంతలు ఆ బండ నిండా ఉన్నాయట. నిప్పు తగిలితే చాలు. ఒక్కొక్కటీ వెతికి సున్నంతో గుర్తు పెట్టారు. బోర్డు పెడితే ఎవరో పీక్కుపోయారట. నిమ్మకాయ పెడితే దగ్గరికి రారని రాసి చూపించి నవ్వారు. ఏవండీ, ఆ గుర్తులెక్కడ?"

ఎల్లేశం బండ వైపు చూశాడు. బండ శుభ్రంగా మెరుస్తోంది. నడుమ బుచ్చమ్మ వంగి పుల్లలు పేరుస్తోంది.

"బుచ్చమ్మా!"

గాలి ఎదురుగా కొట్టింది. కేక ఆమెదాకా పోలేదు.

మొలలోంచి ఈల తీసి, ఊపిరంతా పెట్టి ఊదాడు.

నాలుగు వైపులనుంచీ రాళ్ళు బదులిచ్చాయి. ఎల్లేశం ఊదడం ఆపాక కూడా బండల వెనక ఎక్కడో ఈల మోగుతూనే ఉంది.

బుచ్చమ్మ బిగుసుకుపోయింది. తర్వాత నిప్పులకుండ ఎత్తుకుని కిందికి ఒకటే పరుగు.

"మల్లొచ్చిండా ఆ ముసలోడు?" బండ వైపు తిరిగి చూస్తూ అడిగింది.

ఎల్లేశం ఆమె చేయి వదల్లేదు. "ఏడున్నడు సారూ? పోయి కాళ్ళు మొక్కుత," అన్నాడు ఏడుస్తూ.

కెప్టెన్ టోపీ తీశాడు.

"ఇక్కణ్ణుంచి మా గేటుదాకా ఎండలో నడిచొచ్చారు. చెప్పాల్సింది రాసి చూపించి పడిపోయారు. గుర్తులున్నాయి కదా అని ఆసుపత్రిలో ఆయన పక్కనే ఉండిపోయాను. ఈ పొద్దున పోయారు."

బండల్లో ఈల అప్పుడే ఆగింది.

"బడిలో నాకు పరుగు నేర్పింది ఆయనే," అన్నాడు కెప్టెన్, కడిగిన బండనే చూస్తూ. "అంతకుముందు బర్మా యుద్ధంలో, శత్రువు పాతిన మందుపాతరలు వెతికి ఇలాగే సున్నం గీసేవారు. ఆయన గీసిన గీత దాటనివాడు ఒక్కడూ చావలేదు."