ఊరి మిరియాలు

దుబాయి క్రీక్ దాటించే పడవ దిగేసరికి ఫల్గుణ దగ్గరున్న సరుకు గుడ్డసంచిలో ఊరి మిరియాలు. పెట్టుబడి రెండు కాళ్లు. పొద్దుటి నుంచి ఎక్కిన గుమ్మమల్లా దిగుతూనే ఉన్నాడు. ఇప్పుడెక్కిన మసాలా కొట్టాయనయితే సంచిలోకి చూడనైనా చూడలేదు.

"గుమ్మానికి అడ్డం నిలబడకు భాయ్," అన్నాడు హిందీలో.

ఫల్గుణ పక్కకు జరిగాడు. మర్నాడే తిరుగు విమానం. ఇక్కడి సరుకుల ప్రదర్శనకు తీసుకొచ్చిన గిరిజన సొసైటీ వాళ్లు అతనికి తలపాగా చుట్టి బల్ల వెనక నిలబెట్టారు. వచ్చినవాళ్లు ఆ తలపాగా పక్కన ఫొటోలు దిగారు తప్ప ఒక్క మిరియం కొరికి చూడలేదు. అందుకే ఆఖరి రోజు తలపాగా బల్ల మీద వదిలేసి, ఒంటరిగా దుబాయి వీధుల్లో పడ్డాడు.

కొండ మీద దారి తప్పితే గెడ్డ నీళ్ల వెంట దిగిపోవచ్చు. ఇక్కడ ఏ సందులో చూసినా కుంకుమపువ్వు, ఎండు నిమ్మకాయలు, అత్తర్లు. సందు చివర మళ్లీ అలాంటిదే ఇంకో సందు. గోడలు కూడా వేడి కక్కుతున్నాయి. హుకుంపేట సంతకు బయల్దేరితే దారి పొడుగునా ఎక్కడికని అడుగుతారు. ఇక్కడ అడిగే దిక్కు లేదు.

ఫోన్ మోగింది. సోములమ్మ పిన్ని.

"ఒరే ఫల్గుణా, ఏటైంది? ఎవులైనా కొన్నారేటి?"

"తిరుగుతన్నాను పిన్నీ."

"ఎండలో మరీ తిరగకురా, ఉన్న నలుపు సాలు!" వెనక ఆడవాళ్లు నవ్వారు. ఆమె గొంతు తగ్గించింది. "బేగి తేల్చు. సంతలో సావుకార్లని తిప్పి పంపీసినాం. వానలొస్తే సరుకు బూజెక్కిపోద్ది. మధ్యన మనిషి లేకండా అమ్ముతానన్నావని ఊరంతా నీ మీదే కూకుంది."

"అమ్ముతాను పిన్నీ."

ఫోన్ జేబులో పెట్టుకుంటుంటే వెనక నుంచి తెలుగు వినిపించింది.

"ఏ ఊరు తమ్ముడూ మనది?"

గోడౌను గుమ్మంలో మెడలో గొలుసుతో ఒకాయన. పేరు శివప్రసాద్, సొంతూరు పార్వతీపురం, ఇక్కడ మసాలా సరుకుల వ్యాపారం. ఫల్గుణ తన ఊరు చెప్పగానే పగలబడి నవ్వాడు.

"ఏటి, కొండోళ్లు దుబాయి దాకా కాలినడకన వచ్చీసినారా?"

"విమానం దిగినాకే నడిచినాను."

శివప్రసాద్ సంచిలోంచి ఒక మిరియం తీసి కొరికాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వు ఆపి కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. ఒక రేటు చెప్పాడు. ఫల్గుణ నమ్మలేక దాన్ని మళ్లీ చెప్పించుకున్నాడు. సంతలో ఏనాడూ వినని రేటు.

"ఉండండి, ఊరికి ఫోన్ చేసి చెప్పీస్తాను."

"ఆగు తమ్ముడూ. ఆ రేటు నీకు చెప్పినాను, ఊరికి కాదు. ఊళ్లో సరుకు సంత రేటుకి నువ్వు కొను. నాకు నా రేటుకి ఎయ్యి. అడ్వాన్సు నేనిస్తాను."

"ఊరోళ్లు నన్ను నమ్మి పంపినారు బాబూ."

"అందుకే నీకు అమ్ముతారు."

ఫల్గుణ సంచి మూతి ముడి వేయబోయాడు.

"ఇంటింటితో నేను బేరం ఆడలేను. నాకొక మనిషి కావాలి. నువ్వు కాకపోతే ఇంకోడు. టీ సల్లారిపోతంది, తాగు."

ఫల్గుణ టీ తాగుతూ ఆలోచించాడు. ఈ ఎండలో అరిగినవి తన కాళ్లు. గుమ్మం గుమ్మానా చీదరింపులు తిన్నది తను. ఊరు ఇంట్లో కూర్చుని ఉంది. అదే రేటు ఊరికి చెబితే ఇంటికింత పంచుకుంటారు, తన వాటాకు తన చెట్ల కాయల డబ్బే వస్తుంది. ఈ నడకకు కూలి ఎవరిస్తారు? గ్లాసు కింద పెట్టి అడ్వాన్సుకు చెయ్యి చాచాడు.

తిరిగి పడవ దగ్గరకు వెళ్లేటప్పుడు ఎవరినీ దారి అడగలేదు. అవే సందులు ఇప్పుడు తిన్నగా ఉన్నట్టనిపించాయి. రేవులో నిలబడి ఫోన్ చేశాడు.

"పిన్నీ, ఎవరూ కొనలేదు."



"మరెలాగరా?"

"మీరు బెంగపడకండి. సంత రేటుకి నేనే కొంటాను. ఊరి సరుకంతా."

"నువ్వా? కొన్నోడే లేడంటే నీకు డబ్బెక్కడిదిరా?"

"నేనే. డబ్బు నేను సూసుకుంటాను."

"సర్లే. రా," అని సోములమ్మ ఫోన్ పెట్టేసింది.

అతను ఊరు చేరేసరికి ఇటుకల పండగ నడుస్తోంది. ఆ పండగ రోజుల్లో మగవాళ్లు అడవికి వేటకు పోతారు. ఏమీ దొరక్క ఉత్త చేతులతో తిరిగొచ్చిన వాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు పోసి ఏడిపిస్తారు. ఫల్గుణ జీపు దిగి, కొత్త చొక్కా విప్పి సంచిలో దాచి పాత బనీను తొడుక్కున్నాడు. ఉత్త చేతులతో వచ్చానని చెప్పుకున్న మనిషి తడవక తప్పదు. వచ్చే లాభానికి ఒక కుండెడు పేడనీళ్లు చవక బేరమే.

మలుపులో ఆడవాళ్లు కుండలతో కాపు కాశారు. వేట నుంచి తిరిగొస్తూ ముందు నడుస్తున్న అప్పన్నకు అడవిలో పిట్ట కూడా దొరకలేదట. నెత్తి నుంచి పాదాల దాకా తడిపేశారు. వాడు తిడుతూ, నవ్వుతూ పరుగెత్తాడు. ఫల్గుణ కూడా నవ్వు మొహం పెట్టి, కళ్లు మూసుకుని తల వంచాడు.

నీళ్లు పడలేదు.

కళ్లు తెరిచాడు. ఎదురుగా దారికి అడ్డంగా వెదురు కర్ర. పండగపూట అరకు చూడ్డానికొచ్చిన పరాయివాళ్ల బళ్లను ఆపి చందా అడిగే కర్ర అది. ఒక కొస సోములమ్మ చేతిలో ఉంది.

"ఏటి పిన్నీ, నీళ్లు పొయ్యవా?"

సోములమ్మ కర్ర దించలేదు. రెండో చెయ్యి అతని ముందుకు చాచింది.

"పేడనీళ్లు మా మొగోళ్లకండి. తమరు చందా ఇచ్చి ఎల్లండి, సావుకారుగారూ."