జిల్లేడుకు పోసిన నీళ్లు

కిష్టమ్మ బిందె వంచి గులాబి పాదులో నీళ్లు పోస్తోంది. రోహిణి కార్తె ఎండలకు మన్ను నెర్రెలిచ్చింది. పోసిన నీరు పోసినట్టే లోపలికి ఇంకిపోతోంది. మామిడి అంటు దగ్గర అడుగున చిల్లు పెట్టి, గుడ్డ వత్తి దోపిన కుండ పాతిపెట్టింది. దాన్ని నింపి నడుం ఎత్తేసరికి అరుగు మీది నుంచి అత్త గొంతు వినిపించింది.

"గా జిల్లేడుకు గూడ పొయ్యి."

కిష్టమ్మ తాను సరిగా వినలేదనుకుంది. గోడ మూలన జిల్లేడు మొలిచినప్పుడు, ఇల్లు పాడుబడుతుంది, పీకి పారెయ్యమని పోరుపెట్టింది ఈ చంద్రమ్మే.

"పీకుమంటివి గదత్తా?"

"అప్పుడు పీకుమన్న. ఇప్పుడు పొయ్యమంటున్న. ఐతారం పంతులు వస్తడు. దానికి పూజ ఉన్నది."

"ఏం పూజ?"

చంద్రమ్మ తమలపాకు ఈనె తీస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది. "ఈ ఇంట్ల తొట్టెల కట్టాలె గద. గందుకు."

కిష్టమ్మ బిందెలో మిగిలిన నీళ్లు జిల్లేడు మొదట్లో పోసింది.

బాలనర్సయ్య మొదటి భార్య జ్వరంతో పోయాక ఈ ఇంటికి వచ్చింది కిష్టమ్మ. మెడలో తాళితో పాటు ఆ చనిపోయినామె పేరున చిన్న వెండిబిళ్ల కూడా వేసుకుంటుంది. పండుగ పండుగకూ దానికి కుంకుమ పెట్టి, నా కడుపు పండించు అక్కా అని మొక్కుతుంది. కడుపు పండలేదు. తోట పండింది. మాదాపూరు రాళ్లనేలలో, ఊరందరి పెరళ్లూ మాడిపోయే రోజుల్లో ఆమె పెరట్లో గులాబీలు పూసేవి, దానిమ్మ, అంటుమామిడి కాసేవి. ఊళ్లో ఎవరింట బిడ్డను ఊయలలో వేసే తొట్టెల పండుగైనా పువ్వులు ఆమె తోటవే. పిలుపు మాత్రం ఆమెకు రాదు.

రజాకార్ల గొడవ అణిగి, జనం మళ్లీ శుభకార్యాలు మొదలుపెట్టిన ఈ ఎండాకాలంలో బాలనర్సయ్య ఆమెతో మాట్లాడడమే తగ్గించాడు. తనను పుట్టింటికి తోలేస్తారేమోనని కిష్టమ్మకు లోలోపల దిగులు. ఇప్పుడు పూజ అంటున్నారు. అంటే, తన మీద ఇంకా ఆశ వదులుకోలేదన్నమాట.

ఆ రోజు నుంచి గులాబీల కన్నా ముందు జిల్లేడుకే నీళ్లు పోసింది.

పక్కింటి నీలమ్మ గోడ మీదుగా తొంగిచూసి పకపకా నవ్వింది. "ఓ కిష్టక్కా, జిల్లేడుకు పాదు చేసినదాన్ని నిన్నే చూస్తున్న. రేపు పల్లేరుకు పందిరి గూడ ఏస్తవా ఏంది?"

"నవ్వకు పిల్లా. ఐతారం దీనికి పూజ. పంతులు వస్తుండు."

నీలమ్మ నవ్వు ఆగిపోయింది. "మీ ఆయన చేస్తుండా పూజ?"

"మరి మీ ఆయన చేస్తడా?"

నీలమ్మ ఏదో అనబోయి, అరుగు వైపు చూసింది. చంద్రమ్మ ఇటే చూస్తోంది. "పొయ్యి మీద పప్పున్నదక్కా," అంటూ నీలమ్మ వెళ్లిపోయింది. బిడ్డల తల్లులకు ఎప్పుడూ తొందరే, అనుకుంది కిష్టమ్మ.

శనివారం సాయంత్రం బాలనర్సయ్య పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"బుట్టెడు పూలు గావాలె. మామిడిపండ్లు గూడ. మంచియి ఏరు."

"పంతులుకా?"

"ఆఁ. పంతులుకు గూడ."

చాలా రోజులకు మాట్లాడాడు. ఆమెకు అదే పదివేలు. "నీ పక్కన నేను గూడ పీటల మీద కూసోవాల్నా?" అని అడిగింది.

అతను తల్లి వైపు చూశాడు. చంద్రమ్మే జవాబు చెప్పింది. "ఈ పూజ ఇంటి ఆడోళ్లు చూడరాదు. నువ్వు లోపలుండు. అయినంక గూడ వాణ్ని పలకరించకు. నేమం."

"నేను పలకరిస్తే ఫలం దక్కదా అత్తా?"

"దక్కదు," అంది చంద్రమ్మ.

మిగలపండిన కాయ ఒక్కటి కూడా బుట్టలోకి రాకుండా చూసింది కిష్టమ్మ. గులాబీలకు ముళ్లు గిల్లి, తడిగుడ్డ కప్పి, తన చేత్తోనే దండ కూడా గుచ్చింది. ముల్లు దిగి వేలి మీద నెత్తురు చిమ్మితే, పువ్వుకు అంటకుండా కొంగుకు తుడుచుకుంది.

ఆదివారం తలస్నానం చేసి, పెట్టెలోని పెళ్లి చీర తీసి కట్టుకుని, తలుపు వెనక కూర్చుంది. పెరట్లోంచి మంత్రాలు వినిపించాయి. అర్థం కాకపోయినా ప్రతి మంత్రానికీ చేతులు జోడించింది.

కాసేపటికి బాలనర్సయ్య కొత్త ధోవతిలో, నుదుట బొట్టుతో లోపలికి వచ్చాడు. కిష్టమ్మ లేచి నిలబడింది. పెదవి కదపలేదు. అతను నేల చూపులు చూస్తూ బుట్ట ఎత్తుకుని, ఇల్లు దాటాడు. వెనకే చంద్రమ్మ బండెక్కింది. బండి నిజాంపేట బాట పట్టింది. అక్కడి గుడిలో మొక్కు అప్పజెప్పడానికి కాబోలు అనుకుంది. నేమం తప్పనందుకు తన నోటిని తానే మెచ్చుకుంది.

పెరట్లో పంతులు బియ్యం మూట కట్టుకుంటున్నాడు. జిల్లేడుకు కొత్త తెల్లగుడ్డ చుట్టి ఉంది. దాని మీద ఆమె గుచ్చిన గులాబి దండ. కిష్టమ్మ చెంబెడు నీళ్లు తెచ్చి చెట్టు మొదట్లో పోసి, మోకరిల్లి మొక్కింది.

"అయ్యా, పూజ మంచిగయిందా? ఏ కీడూ తగలదు గద?"

పంతులు మూట భుజానికెత్తుకుని నిండుగా నవ్వాడు.

"మూడో పెండ్లి ఈ చెట్టుతోనే అయింది తల్లీ, కీడంతా దీని మీదనే పోయింది, ఇగ నిజాంపేట పెండ్లిపిల్లకు ఫికర్ లేదు."