పెంకుల పొడి

"గోపమ్మా, గీ బస్తాల మేళ్లచెరువు సున్నపు రాతిపొడి కలిపినవు కదా?"

నకిరేకల్‌లో ప్లాస్టిక్ బకెట్లు తయారుచేసే ముజఫ్ఫర్ బస్తాను కాలితో నెట్టాడు. అందులో ఉన్నది ప్లాస్టిక్ గట్టిపడేందుకు కలిపే గుడ్డు పెంకుల పొడి. గోపమ్మే హోటళ్లు తిరిగి పెంకులు ఏరి, కడిగి, ఎండబెట్టి, తిరగలిలో విసిరి తెస్తుంది. ఈ నెల బకెట్లు పగిలి వెనక్కి వస్తున్నాయి.

"నేను కలుపలే సాబ్."

అతను నమ్మలేదు. గరిటెలో చిటికెడు పొడి వేసి కాల్చాడు. రాతిపొడికి వాసన రాదు. ఇక్కడ మాత్రం ఈకలు కాలిన కమురు గుప్పుమంది. అచ్చంగా పెంకులే.

"మరి బకెట్లు గిట్లెందుకు పలుగుతున్నయి?"

"నాకేమెరుక? మీ తమ్ముడు ఈ నెల పొడి రెండింతలు తెమ్మన్నడు. నువ్వే చెప్పినవనుకున్న."

ముజఫ్ఫర్ ఆ మాట చెప్పలేదు. పొడి ఎక్కువైందంటే ప్లాస్టిక్ తగ్గినట్టే, బకెట్ పెళుసైనట్టే. తను కొనిపెట్టిన ప్లాస్టిక్ గింజలు ఎటు పోయినట్టు?

మిక్సర్ దగ్గర తమ్ముడు లతీఫ్ ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తున్నాడు.

"జర కూసో గోపమ్మా, చాయ్ తాగిపో," అన్నాడు ముజఫ్ఫర్.

గొంతు మెత్తబడింది. చూపు మాత్రం తమ్ముడి మీదే ఉంది.